పడున్న పాత కారు మీది కావాలంటే: ముట్టుకోకముందు ఏం చేయాలి, ఆ తర్వాత ఏం చేయాలి

ఏ ఊళ్లో చూసినా ఇలాంటిది ఒకటి ఉంటుంది. మూతపడ్డ రైసుమిల్లు గోడ పక్కనో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆ చివరో, మెకానిక్ షెడ్డు ముందు వేపచెట్టు కిందో. గాలి పోయిన టైర్లు నేలకు అతుక్కుపోయి ఉంటాయి, బానెట్ మీద రాలిన ఆకులు కుళ్లి సరిగ్గా ఆ మచ్చ దగ్గరే తుప్పు మొదలవుతుంది, అంబాసిడరో ప్రీమియర్ పద్మినో మొదటి రకం మారుతీ 800నో కళ్ల ముందే మట్టిలో కలిసిపోతుంటుంది. పాత బళ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లకు దాని పక్కనుంచి వెళ్లిన ప్రతిసారీ మనసు ఊరుకోదు. ఎవరికీ అక్కర్లేదు కదా, మనం తీసుకెళ్లి బాగుచేసుకుంటే తప్పేంటి అనిపిస్తుంది. పోనీ బండి వద్దు, ఆ హెడ్‌లైట్ రింగు, డాష్‌బోర్డులో మీటరు, డిక్కీ మీద మెటల్ అక్షరాలు మాత్రం తీసుకుంటే ఏమవుతుంది అని కూడా అనిపిస్తుంది.

తీసుకోకూడదు. దిక్కులేనట్టు కనిపించే బండికి కూడా కాగితాల మీద ఒక మనిషి పేరుంటుంది. ఆ మనిషో వాళ్ల వారసులో దొరికి సరే అనేదాకా, లేదా ప్రభుత్వమే వేలం వేసేదాకా, దాని మీద చెయ్యి వేసే హక్కు మనకు లేదు. ఇంతవరకు చెప్పి వదిలేస్తే ఎవరికీ ఉపయోగం లేదు కాబట్టి, ఆ మనిషిని వెతకడం దగ్గర్నుంచి ఆర్సీ మీ పేరు మీదికి వచ్చేదాకా ఏం చేయాలో వరసగా రాస్తున్నాను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లను దృష్టిలో పెట్టుకుని రాసినా, ఇందులోని చట్టాలు చాలావరకు కేంద్ర చట్టాలే.

1. చట్టం ఏమంటుందో ముందు బుర్రకెక్కించుకోండి

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం బండి ఎవరి పేరున రిజిస్టరై ఉందో వాళ్లే యజమాని. ఇరవై ఏళ్లుగా కదలకపోయినా, రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయినా, చక్రాలు మాయమైనా ఆ పేరు దానంతటదే చెరిగిపోదు. "పదేళ్లు మన స్థలంలో పడుంటే అది మనదే" అని ధీమాగా చెప్పేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ మాట పట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకు వెళ్తే ఎవరూ పేరు మార్చరు.

2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. అందులో 303వ సెక్షన్ దొంగతనం. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, యజమాని చేతిలోంచే లాక్కోవాలని లేదు, ఎవరి స్వాధీనంలో ఉన్న వస్తువునైనా వాళ్ల ఒప్పుదల లేకుండా దురుద్దేశంతో కదిలిస్తే చాలు. 314వ సెక్షన్ ఇంకా సూటిగా మన విషయానికే వస్తుంది. దొరికిన వస్తువును యజమానికి ఇద్దామని తీసి భద్రపరిస్తే నేరం కాదు. కానీ యజమాని ఎవరో తెలిసి ఉండి, లేదా తెలుసుకునే మార్గం ఉండి, తగినంత ప్రయత్నం చేయకుండా, కొంతకాలం ఆగకుండా సొంతానికి వాడుకుంటే నేరం. ఆరు నెలలకు తక్కువ కాకుండా రెండేళ్ల దాకా జైలు, జరిమానా. దారిలో దొరికిన పర్సు ఎవరిదో తెలియలేదని చెప్పుకోవచ్చేమో గానీ, కారుకు ముందూ వెనకా నంబరు రాసి ఉన్నాక "తెలుసుకునే మార్గం లేదు" అనే మాట నిలబడదు.

హెడ్‌లైట్ రింగుకీ ఇదే వర్తిస్తుంది, బండి మొత్తం తీసుకెళ్తేనే నేరం అనుకోవద్దు. అలా ఊడదీసిన సామాను అని తెలిసి కొనుక్కుంటే 317వ సెక్షన్ ఉంది. తెలియక కొన్నా కూడా వస్తువు మనది కాదు, ఎందుకంటే అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం చెబుతుంది. ఇంకొక్క మాట. నిజంగానే యజమాని పోయి, వారసులెవరూ లేకపోతే? అప్పుడు కూడా ముందు చూసినవాడిది కాదు. రాజ్యాంగం 296వ అధికరణం ప్రకారం అలాంటి ఆస్తి ప్రభుత్వానికి చెందుతుంది.

2. దూరం నుంచే చూడండి, అన్నీ రాసుకోండి

డోరు తీయకుండా, బానెట్ ఎత్తకుండా బయటి నుంచి ఫొటోలు తీసుకోండి. నంబరు ప్లేటు, చుట్టుపక్కల ఏముందో తెలిసేలా దూరం నుంచి ఒకటి, ముందు అద్దం మీద అంటించిన పాత స్టిక్కర్లు. ఈ స్టిక్కర్లను తేలిగ్గా తీసుకోకండి. ఒక క్లబ్బు పాసు, కాలేజీ పార్కింగ్ ముద్ర, అప్పటి డీలరు పేరు లాంటివి యజమాని దగ్గరికి తీసుకెళ్తాయి.

ప్లేటు మీద నంబరు సగం చెరిగిపోతే పక్క నుంచి టార్చి వేసి చూడండి. పాత బళ్లకు అక్షరాలు చేత్తో రాయించేవాళ్లు కాబట్టి, పైరంగు రాలిపోయినా కుంచె గీసిన చోట గట్టు లాగా మిగిలి ఏటవాలు వెలుగులో నీడ పడుతుంది. 1989 తర్వాతి నంబరైతే ఏపీ అనే అక్షరాల పక్కన అంకె ఏ ఆఫీసో చెబుతుంది. 9 అంటే హైదరాబాద్ సెంట్రల్, 16 కృష్ణా, 31 విశాఖ, 5 కాకినాడ. అంతకుముందువైతే మూడు ఇంగ్లిష్ అక్షరాలు, నాలుగంకెలు ఉంటాయి, వాటి సంగతి కాస్త కష్టం, కింద చెబుతాను.

బండి ఎవరి స్థలంలో ఉందో కూడా ఇప్పుడే తెలుసుకోండి. తర్వాతి దారి అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

3. బండి ఎక్కడుందన్నదాన్ని బట్టి దారి మారుతుంది

రోడ్డు మీద ఉంటే: పబ్లిక్ స్థలంలో పది గంటలకు మించి వదిలేసిన బండిని తీయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసుకు మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ఇస్తుంది, ఖర్చు యజమానిదే. అంటే రోడ్డు మీద బండి ఏ రోజైనా స్టేషన్‌కు వెళ్లిపోవచ్చు. మీకు దాని మీద ఆశ ఉంటే యజమానిని వెతకడంలో ఆలస్యం చేయకండి. అంతేగాని పోలీసులకన్నా ముందు మనం తోలుకుపోదాం అనుకోవద్దు.

ఎవరి స్థలంలోనైనా ఉంటే: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. స్థలం యజమాని "తీసుకెళ్లండి బాబూ, పీడ వదులుతుంది, ఓ పదివేలు ఇవ్వండి" అంటాడు. ఆయన స్థలానికి యజమాని, బండికి కాదు. ఆయనకు డబ్బిచ్చి రసీదు రాయించుకున్నా ఆ రసీదుతో మీకు హక్కు రాదు. ఆయన చేయగలిగిందల్లా మిమ్మల్ని లోపలికి రానివ్వడం, బండి ఎవరు పెట్టారో చెప్పడం. ఆ రెండూ విలువైనవే, ఆయనతో మంచిగానే ఉండండి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే అసోసియేషన్ సంగతీ అంతే. తీర్మానం రాసి మినిట్స్ బుక్కులో సంతకాలు పెట్టినంత మాత్రాన బండి అమ్మే హక్కు రాదు. ఫ్లాటు ఓనరు పాత చిరునామాకు నోటీసు పంపాలి, బండి మీద, నోటీసు బోర్డులో అంటించాలి, స్పందన లేకపోతే పోలీసు స్టేషన్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. సెల్లార్లో ఏళ్లుగా పడున్న బండి దొంగబండి కూడా అయ్యుండొచ్చు కాబట్టి ఆ ఫిర్యాదు అసోసియేషన్‌కే రక్షణ.

మెకానిక్ షెడ్డులో ఉంటే కొంచెం నిదానంగా చూడాలి. రిపేరుకు ఇచ్చి, బిల్లు కట్టలేకో కట్టబుద్ధి కాకో వదిలేసిన బళ్లు ప్రతి ఆటోనగర్‌లోనూ ఉంటాయి. చేసిన పనికి డబ్బులు వచ్చేదాకా బండిని ఆపుకునే హక్కు మేస్త్రికి ఉంది, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 170వ సెక్షన్ అదే. కానీ ఆపుకోవడం వేరు, అమ్ముకోవడం వేరు. మేస్త్రి బాకీ నిజమైనదే, ఆయన స్థలం ఇన్నేళ్లు చిక్కుపడిపోయిన మాటా నిజమే. అందుకని న్యాయంగా ఉండే పద్ధతి ఏమిటంటే యజమానిని వెతికి పట్టుకుని, ముగ్గురూ కూర్చుని, మీరిచ్చే డబ్బులోంచి మేస్త్రి బాకీ తీర్చి, మిగిలింది యజమానికి ఇచ్చి, ఇద్దరి సంతకాలూ తీసుకోవడం. మేస్త్రిని పక్కన పెట్టి యజమానితో మాట్లాడుకోవడం ఎంత తప్పో, యజమానిని పక్కన పెట్టి మేస్త్రితో బేరమాడటం కూడా అంతే తప్పు.

పోలీసు స్టేషన్ ఆవరణలో ఉంటే అసలు దగ్గరికే వెళ్లొద్దు. అది ఏదో కేసులో సాక్ష్యం కావచ్చు, దాని సీట్లో ఎవరి ప్రాణమైనా పోయి ఉండొచ్చు. దాన్ని పొందే దారి వేలం ఒక్కటే.

4. యజమానిని వెతకండి

కేంద్ర రవాణా శాఖ వాళ్ల పరివాహన్ సైట్లోగానీ, మీ రాష్ట్ర రవాణా శాఖ సైట్లోగానీ నంబరు కొట్టి చూడండి. పేరు పూర్తిగా చూపించదు, మధ్యలో చుక్కలు పెడుతుంది, అది వాళ్ల గోప్యత కోసం. కానీ మోడల్, రిజిస్టరైన తేదీ, ఏ ఆఫీసు, ఫైనాన్స్ ఉందా అన్నవి తెలిస్తే చాలా మేలు. అసలు నంబరే కనబడకపోతే కంగారు పడొద్దు. కంప్యూటర్లు రాకముందు రిజిస్టరైన చాలా బళ్ల వివరాలు ఆన్‌లైన్‌లోకి ఎక్కలేదు, ఆఫీసులో పాత రిజిస్టర్లలోనే ఉంటాయి. ఆ ఆఫీసుకు వెళ్లి, ఈ నంబరు బండి ఫలానా చోట ఏళ్లుగా ఉంది, యజమానిని సంప్రదించాలనుకుంటున్నాను అని కారణంతో సహా దరఖాస్తు రాసివ్వండి. చిరునామా ఇవ్వడం కుదరదంటే మీ ఉత్తరాన్ని వాళ్ల ద్వారానే యజమానికి పంపమని అడగండి. ఇవ్వకపోతే పక్కదారిలో డేటా కొనడానికి మాత్రం వెళ్లకండి, ఒకరి ఇంటి చిరునామా డబ్బులకు దొరకడమే మంచిది కాదు.

నిజం చెప్పాలంటే సైట్ల కన్నా మనుషులే ఎక్కువ చెబుతారు. ఎదురుగా ఉన్న టీకొట్టు, కిరాణా కొట్టు, వాచ్‌మన్, ఇస్త్రీ బండి ఆయన. "ఈ కారు ఎవరిదండీ?" అని అడగండి, "ఇది తీసుకోవచ్చా?" అని కాదు. మొదటి ప్రశ్నకు కథ చెబుతారు, రెండోదానికి అనుమానంగా చూస్తారు. మీ పేరు, ఫోన్ నంబరు కాగితం మీద రాసి వాళ్ల దగ్గర ఉంచండి. బండి వైపర్ కింద కూడా ప్లాస్టిక్ కవరులో ఒక చీటీ పెట్టొచ్చు.

ఆచూకీ తెలిస్తే మనిషిని కలవండి, దూరమైతే స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చే పద్ధతిలో ఉత్తరం రాయండి. తిరిగొచ్చిన కవరు కూడా పారేయకండి. అది "నేను ప్రయత్నించాను" అనడానికి మీ దగ్గరుండే సాక్ష్యం.

ఇంకొకటి కూడా చూసుకోవాలి. నేరాల రికార్డులు చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ నడిపే డిజిటల్ పోలీస్ సైట్లో బండి నంబరు, చాసిస్ నంబరు (బండి ఫ్రేము మీద కొట్టి ఉండేది), ఇంజిన్ నంబరు ఇస్తే ఆ బండి దొంగతనం కేసుల్లో ఉందో లేదో చెబుతుంది, ఎన్‌ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం కూడా వస్తుంది. చాసిస్ నంబరు చేతికి వచ్చేది యజమాని అనుమతిచ్చాకే కాబట్టి, డబ్బు చేతులు మారకముందు ఎప్పుడైనా ఫర్వాలేదు.

5. మాట్లాడేటప్పుడు

ఈ అడుగు చట్టంలో ఉండదు. నా దృష్టిలో మాత్రం మిగతా వాటన్నిటికన్నా పెద్దది ఇదే.

ఆ బండి అక్కడ ఊరికే ఆగిపోయి ఉండదు. నడిపే మనిషి పోయి ఉంటాడు, లేదా వ్యాపారం దెబ్బతిని ఉంటుంది, లేదా అన్నదమ్ముల మధ్య ఆస్తి గొడవలో ఎవరూ కదిలించకుండా ఉండిపోయి ఉంటుంది, లేదా పిల్లలు అమెరికా వెళ్లి, పెద్దాయన ఒక్కడే ఉండి, అమ్మడానికి మనసొప్పక, బాగు చేయించడానికి ఓపిక లేక అలా వదిలేసి ఉంటాడు. మీరు తలుపు కొట్టి "ఆ తుప్పు బండి ఎంతకిస్తారు?" అన్నారనుకోండి, ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు, తెరుచుకోకపోవడమే న్యాయం కూడా.

తెనాలి వైపు ఒక ప్రీమియర్ పద్మిని ఇలాగే ఉండేది, ఆర్సీలో పేరున్నాయన పోయి చాలా కాలమైంది. కొడుకులు పాత ఇనుము కింద ఇచ్చేద్దామనుకున్నారు. కొనడానికి వెళ్లినాయన నాకు బాగా తెలుసు. ఆయన మొదట కొడుకులతో కాకుండా వాళ్లమ్మగారితో కూర్చుని మాట్లాడాడు, ఇది ఇనుము ధరకు ఇచ్చే బండి కాదండీ, ఇంకా ఎక్కువ పలుకుతుంది, తొందరపడకండి అని చెప్పాడు. తనకు నష్టమయ్యే మాట తనే చెప్పాడన్నమాట. ఆవిడ నెల రోజులు ఆలోచించుకుని, ఈయన చెప్పిన ధరకే ఈయనకే ఇచ్చింది. ముందు సీటు ఎదురుగా ఉన్న డబ్బాలో కళ్లజోడు, రబ్బరు బ్యాండు కట్టిన పెట్రోలు బిల్లుల కట్ట, వెనక ఏదో ఫోన్ నంబరు రాసి ఉన్న పెళ్లి శుభలేఖ దొరికాయి. అన్నీ ఒక కవర్లో పెట్టి ఆవిడకు ఇచ్చేశాడు. మీరు కూడా ఇంతే చేయాలి. బండిలో దొరికేవి, అది రూపాయి బిళ్లైనా, డాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి పటమైనా, ముందు వాళ్లకు చూపించి, వద్దంటేనే ఉంచుకోండి.

ధర విషయంలో నా నియమం ఒక్కటే: మీకు తెలిసి వాళ్లకు తెలియని విషయంతో లాభపడకండి. యాభై ఏళ్లు దాటిన బండి అయితే అది వింటేజ్ కిందికి వస్తుందని చెప్పండి. పైన ఎంత ఖర్చవుతుందో కూడా చెప్పి మీ ధర చెప్పండి. వృద్ధులైతే, ఒంటరిగా ఉంటే, పిల్లలతోనో దగ్గరివాళ్లతోనో మాట్లాడమని మీరే అడగండి. వద్దంటే వద్దు. నెలకోసారి వెళ్లి నస పెట్టకండి, మీ నంబరు ఇచ్చి వచ్చేయండి. బండి అక్కడే మట్టైపోతుందని తెలిసినా సరే, అది వాళ్లది.

6. కాగితాలు

సొంత యజమాని బతికే ఉండి, ఆర్సీ చేతిలో ఉంటే పని తేలిక. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, గుర్తింపు కాగితాలు, స్టాంపు పేపరు మీద అమ్మకం పత్రం. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోపలే అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. బండి వేరే రాష్ట్రానికి చెందినదైతే ఫారం 28తో అక్కడి ఎన్‌ఓసీ కావాలి. ఆర్సీ పోతే ఫారం 26తో డూప్లికేట్, దానికి పోలీసుల దగ్గర పోయినట్టు సర్టిఫికెట్. ఎప్పుడో కట్టేసిన లోను ఇంకా ఆర్సీ మీద కనిపిస్తుంటే దాన్ని తీయించడానికి ఫారం 35. ఆ ఫైనాన్స్ కంపెనీ మూతపడి ఉంటే అది తేలడానికి చాలా తిరగాలి, ఆ శ్రమను ధర మాట్లాడేటప్పుడే లెక్కలో వేసుకోండి.

యజమాని పోయి ఉంటే ఫారం 31. ముందు బండి వారసుల పేరు మీదికి రావాలి, తర్వాతే మీకు. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల నిరభ్యంతర పత్రాలు ఉండాలి. అందరి సంతకాలూ అంటే అందరివీ. "చెల్లెలు ఢిల్లీలో ఉంది, ఆమె ఏమీ అనదు" అంటారు. ఆమె ఏమీ అనకపోతే సంతకం పెట్టడానికి ఇబ్బంది ఉండదు కదా.

పాత బళ్లతో అసలు చిక్కు ఇంకోటి ఉంది. మన దగ్గర ఫారం 29, 30 మీద తేదీ వేయకుండా సంతకాలు పెట్టించుకుని ఓపెన్‌గా ఉంచుకోవడం బాగా అలవాటు. బండి నలుగురి చేతులు మారి ఉంటుంది, ఆర్సీలో మాత్రం 1990ల నాటి మొదటాయన పేరే ఉంటుంది. మీకు అమ్మేవాళ్లు "సంతకాల కాగితాలున్నాయి, ఆయన్ని మీరు చూడక్కర్లేదు" అంటారు. చూడాలి. ఆయన బతికున్నారో లేదో, తన పేరున ఇంకా బండి ఉందన్న సంగతి ఆయనకు తెలుసో లేదో తేల్చుకోండి. సంతకం కలవకపోతే "మనమే పెట్టేద్దాం" అనే ఏజెంటు తగులుతాడు, అది ఫోర్జరీ, అక్కడే లేచి వచ్చేయండి.

ఇప్పుడు యజమాని అనుమతితో చాసిస్ నంబరు చూడండి. కిరసనాయిలు గుడ్డతో నెమ్మదిగా తుడిచి, పైన పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు పడతాయి. ఇనుప బ్రష్షుతో గట్టిగా గీకితే అంకెలే పోతాయి, తర్వాత బండిని తనిఖీ చేసే ఆర్టీఓ అధికారి ఎంవీఐ అనుమానించేది మిమ్మల్నే. ఇంజిన్ నంబరు ఆర్సీతో కలవకపోవడం ఈ బళ్లలో మామూలే, పెట్రోలు బండికి డీజిల్ ఇంజిన్ ఎక్కించుకోవడం ఆ రోజుల్లో చాలామంది చేశారు. ఆ మార్పు ఆర్సీలో ఎక్కిందా లేదా చూడండి, ఎక్కకపోతే సరిచేయించుకోవడం వీలవుతుందో లేదో ఆర్టీఓలో కనుక్కున్నాకే అడ్వాన్సు ఇవ్వండి. ఒక బండి చాసిస్ నంబరు కోసి ఇంకో బాడీకి అతికించే "సెట్టింగు" ఎవరైనా చెబితే, వాళ్లతో ఇంకెప్పుడూ పని పెట్టుకోకండి.

ఖర్చుల సంగతి. కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేసేళ్లకు రెన్యువల్. 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000, 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. రెన్యువల్ ఆలస్యమైతే కారుకు నెలకు 500 చొప్పున అదనపు ఫీజు నిబంధనల్లో ఉంది, పాత బళ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. ఏళ్ల తరబడి గడువు తీరిన బండికి ఇదంతా కలిపి ఎంతవుతుందో ముందే ఆర్టీఓలో లెక్క వేయించుకోండి. చాలామంది ఇంజిన్ గురించి టెన్షన్ పడతారు గానీ, బడ్జెట్ తలకిందులయ్యేది ఇక్కడ.

7. ఎంత వెతికినా యజమాని దొరకకపోతే

బండి నాది చేసుకోవడానికి ఇక దారి లేదా అంటే, ఉంది గానీ నేరుగా మీ చేతికి రాదు. స్థానిక పోలీసు స్టేషన్లో మీ ఉత్తరాల కాపీలతో సహా రాసివ్వండి. ఎవరూ క్లెయిమ్ చేయని బళ్లకు పోలీసులు ప్రకటన ఇచ్చి ఆరు నెలల గడువు ఇస్తారు. హైదరాబాద్ చుట్టుపక్కల కమిషనరేట్లు ఇలాంటి బళ్ల జాబితాలు ప్రకటించి వేలం వేయడం తరచూ చూస్తుంటాం. స్టేషన్లలో బళ్లు ఏళ్ల తరబడి కుళ్లిపోవడం ఎవరికీ మంచిది కాదని, ఫొటోలు తీసి, పంచనామా రాసి, యజమానికి ఇచ్చేయాలని, ఎవరూ రాకపోతే వేలం వేయవచ్చని సుప్రీంకోర్టు సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే చెప్పింది.

వేలానికి వెళ్లే ముందు ఒక్కటి అడగండి: బండిగా అమ్ముతున్నారా, తుక్కుగా అమ్ముతున్నారా? బండిగా అయితే వేలం ఉత్తర్వు, ఫారం 32 పెట్టి మీ పేరు మీదికి మార్చుకోవచ్చు. తుక్కుగా అమ్మిన బండిని రోడ్డెక్కించాలని చూడకండి, ఎంత అందంగా ఉన్నా. ఎక్సైజ్ శాఖ పట్టుకున్న బళ్ల వేలాలూ జరుగుతుంటాయి, అక్కడా ఇదే ప్రశ్న.

దొరికిన వస్తువును కొన్ని పరిస్థితుల్లో అమ్ముకోవచ్చని కాంట్రాక్టు చట్టం 169వ సెక్షన్‌లో ఉంది, దాన్ని చూపించి కొందరు ధైర్యం చెబుతారు. యజమాని దొరకనప్పుడు, వస్తువు పాడైపోతున్నప్పుడు, దాన్ని కాపాడటానికి న్యాయంగా అయిన ఖర్చు విలువలో మూడింట రెండొంతులకు చేరినప్పుడు, అలాంటి షరతులు దానికి ఉన్నాయి. లాయరు లేకుండా దాని జోలికి వెళ్లొద్దు, వెళ్లినా ఆర్సీ మార్పు దానంతటదే రాదు.

8. తెచ్చుకునే రోజు

నడిపి తీసుకురావద్దు. ఇన్సూరెన్సు లేదు, రిజిస్ట్రేషన్ తీరిపోయింది, బ్రేకులు ఎలా ఉన్నాయో దేవుడికే తెలియాలి. బండిని పైకెక్కించుకుని తెచ్చే ఫ్లాట్‌బెడ్ లారీ మాట్లాడుకోండి. అమ్మకం పత్రం, ఆర్సీ, యజమాని ఫోన్ నంబరు మీ దగ్గర ఉంచుకుని, పగలే తీయండి, ఇరుగుపొరుగుకు ముందే చెప్పండి. వీలైతే అమ్మినవాళ్లను కూడా రమ్మనండి.

కర్రతో బాడీని తట్టి, కాసేపు ఆగి బానెట్ ఎత్తండి. పాములు, కందిరీగలు మామూలే. కుక్క పిల్లల్ని పెట్టి ఉంటే అవి కళ్లు తెరిచి నడిచేదాకా ఆగండి, ఇన్నేళ్లు ఉన్న బండి ఇంకో నెల ఉంటుంది. ఎవరైనా అందులో పడుకుంటుంటే, పేదవాళ్లు అలా తలదాచుకోవడం మన నగరాల్లో ఉన్నదే, ముందు వాళ్లతో మాట్లాడండి, వేరే చోటు చూసుకోవడానికి టైమివ్వండి.

తెచ్చాక కూడా వెంటనే సెల్ఫ్ కొట్టకండి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో కొంచెం నూనె పోసి, రెండు రోజులు నాననిచ్చి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూడండి. పాత పెట్రోలు, ఆయిలు కాలవలో పారబోయకుండా డబ్బాలో పట్టండి. పాత బ్యాటరీ బ్యాటరీల కొట్టులో తిరిగి ఇచ్చేయండి.

9. బాగు చేయాలా, విప్పేయాలా

అది కొన్నాక మీ ఇష్టమే గానీ, ఒక మాట. అంబాసిడర్ 2014లో ఆగిపోయింది, పద్మిని అంతకు చాలా ముందే. కొత్తవి రావు. చాసిస్, ఫ్లోరు గట్టిగా ఉన్న బండిని సామాన్ల కోసం విప్పకండి, మీకు ఓపిక లేకపోతే ఓపిక ఉన్నవాళ్లకు అదే కాగితాలతో ఇవ్వండి. ఫ్లోరు మొత్తం పోయి, చాసిస్ విరిగే స్థితిలో ఉన్నదాన్ని మాత్రం ఇంకో రెండు బళ్లు బతకడానికి వాడుకోవచ్చు.

50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 2021 జులైలో వచ్చిన నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 ఫీజు, పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు తీయొచ్చు, రోజూ ఆఫీసుకు మాత్రం కాదు.

విప్పేయాల్సి వస్తే పాత ఇనుము కొట్టుకు వేయకండి. గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వండి. అక్కడ సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు, ఆ నంబరు ప్రభుత్వ రికార్డుల్లోంచి తీసేస్తారు. ఇనుము కొట్టులో బండి పోయినా నంబరు బతికే ఉంటుంది, దాన్ని ఏ దొంగబండికో తగిలిస్తే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఆర్సీలో పేరున్న ఇంటికే.

10. అమ్మినవాళ్లకు ఆర్సీ కాపీ పంపండి

పేరు మారిన వెంటనే కొత్త ఆర్సీ కాపీ వాళ్లకు పంపండి, ఫోన్ చేసి అందిందో లేదో కనుక్కోండి. అమ్మేసిన బండితో ప్రమాదం జరిగినా, రికార్డుల్లో పేరు మారకపోతే నష్టపరిహారం బాధ్యత పాత యజమాని మీదే పడుతుందని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ చేతిలో పెట్టి నమ్మకంగా సంతకం చేసిన పెద్దావిడ ఇంటికి ఏదో ఒక రోజు కోర్టు నోటీసు రాకుండా ఉండాలంటే, పేరు మారేదాకా ఆ బండిని షెడ్డు దాటించకండి.